నీ మోకాలు డాక్టరుకి చూపించు

నాన్నా,

నువ్వు సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ గట్టెక్కావని, ట్రైనింగ్‌కి చెన్నై ఓటీఏలో చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెంటనే అపార్ట్‌మెంట్ అంతా స్వీట్లు పంచాను. పంచి వచ్చి కూర్చున్నాక భయం పట్టుకుంది. ఆఫీసరయ్యాక సైనిక దళాల సర్వీసెస్ జట్టుకి రంజీ ఆడతానన్నావట.

ఆడొచ్చు. కాకపోతే సి.కె. నాయుడుగారిని చూసి లెక్కలు వేసుకోకు. ఆయన్ని ఇండోర్ మహారాజు క్రికెట్ కోసమే పిలిపించుకుని హోల్కర్ సైన్యంలో హోదా ఇచ్చాడు. నిన్నెవరూ అలా పిలవరు. నువ్వు చూడాల్సింది హేమూ అధికారి అనే క్రికెటర్ని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరాడు, 1947లో గానీ టెస్టు ఆడలేదు. 1959లో ఢిల్లీలో వెస్టిండీస్ మీద కెప్టెన్‌గా 63, 40 కొట్టి, మూడు వికెట్లూ తీశాడు. అప్పటికి ఆయన వయసు 39. ఆలస్యమైనా పర్లేదురా, ముందు యూనిట్ పని నేర్చుకో.

ట్రైనింగ్‌లో బ్యాటు ఊసెత్తకు. జట్టులో నీకన్నా చిన్న ర్యాంకువాడు కెప్టెనైతే మైదానంలో అతని మాటే విను. రోజూ పరిగెత్తు.

ఇక అసలు సంగతి. నాతో ఢిల్లీ పాలం గ్రౌండ్‌లో ఆడిన ఒక ఆర్మీ కెప్టెన్ ఉండేవాడు. మంచి ఫాస్ట్ బౌలర్. జనవరి పొద్దున మంచు విడిచీ విడవక ముందే బంతి చేతికిస్తే చాలు, అవతలివాడికి బంతి కనపడేది కాదు. ఒక మ్యాచ్‌కి ముందు మోకాలు వాచింది. డాక్టరుకి చెబితే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారని, జట్టులోంచి తీసేస్తారని దాచాడు. ప్యాంటు కింద క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టి, లంచ్‌లో నొప్పి బిళ్ల మింగి, రోజంతా బౌలింగ్ చేశాడు. బ్యాండేజ్ విప్పితే చర్మం మీద నేత గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. మర్నాడూ అంతే.

కొన్నాళ్లకి యూనిట్‌లో బీపీఈటీ, అదే సైనికుల దేహదారుఢ్య పరీక్ష, పెట్టారు. రైఫిల్, సామానుతో ఐదు కిలోమీటర్ల పరుగు. సగం దూరంలో మోకాలు మడత పడిపోయింది. జవాన్లే ఎత్తుకొచ్చారు. పూర్తి ఫిట్ అని చెప్పే షేప్-వన్ మెడికల్ కేటగిరీ పోయింది, ఎదురుచూస్తున్న కోర్సు పోయింది, బౌలింగ్ ఎలాగూ పోయింది. మొదటి రోజే చెప్పుంటే ఆరు వారాల విశ్రాంతితో పోయేదని ఆర్థోపెడిక్ డాక్టరు అన్నప్పుడు అతని ముఖం నేను చూశాను. తన వెనక పరిగెత్తే ముప్ఫై మంది ముందు పడిపోవడం అతన్ని నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు మేడమెట్లు ఒక్కొక్కటే దిగడం చూశాను. అడిగితే "ఏం లేదు పెదనాన్నా" అన్నావు. మెడికల్ బోర్డు ఫిట్ అంది కదా అని ఊరుకుంటావా? బుద్ధి లేదూ? చిన్నప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగినా రెండు రోజులు దాచిన వెధవ్వి నువ్వు. అప్పుడు నిన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది నేనే. చెన్నైకి రాలేను కదమ్మా.

రైలెక్కే లోపు ఎమ్మారై తీయించు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను, మీ నాన్నకి చెప్పకు. రిపోర్టు నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెదనాన్న