ఒకే చెరువుకు నాలుగుసార్లు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

పిట్టల్ని చూడటం మొదలుపెడతానంటూ రాసిన నీ ఉత్తరం అందింది. పదకొండు ప్రశ్నలు అడిగావు, అందులో ఏడు కెమెరా గురించే. ఆ ఏడింటికీ జవాబు ఒక్కటే: ఈ ఏడాది కెమెరా కొనకు. అందులో కొంత డబ్బు పెట్టినా మంచి బైనాక్యులర్ వస్తుంది. దాని మీద 8×42 అని రాసి ఉండాలి. ఎనిమిది అంటే పిట్టను ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, నలభై రెండు అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. దుకాణంలో పది రెట్లవీ పన్నెండు రెట్లవీ చూపించి ఊరిస్తారు. పిట్టతో పాటు నీ చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుందని మాత్రం చెప్పరు.

నువ్వు పంపిన జాబితా కూడా చూశాను. కొల్లేరు, పులికాట్, నేలపట్టు, కొండపల్లి, హంసలదీవి... ఏడాదిలో పన్నెండు చోట్లు, పద్నాలుగు మంది స్నేహితులు. పిట్టల్ని చూడటానికి వెళ్తున్నట్టు లేదు, పెళ్లివారు తరలి వెళ్తున్నట్టుంది. నా మాట విని ఆ కాగితం మడిచి పెట్టు. గుంటూరు పక్కనే, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉప్పలపాడు చెరువు ఉంది. విజయవాడ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ఎక్కకముందే అక్కడ ఉంటావు. ఈ ఏడాది ఆ ఒక్క చెరువుకు నాలుగుసార్లు రా: వానల్లో ఒకసారి, దసరా దాటాక ఒకసారి, సంక్రాంతి రోజుల్లో ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి. మధ్యలో సరదా పుడితే మిగతావి చూద్దువు గాని.

ఎందుకు ఒక్క చోటే అంటావేమో. నా కథే చెబుతాను, నవ్వకు. పిట్టల పుస్తకం పెట్టిన కొత్తలో గుడ్డికొంగను రెండేళ్ల పాటు రెండు పక్షులుగా రాసుకున్నాను. చలికాలంలో అది మట్టిరంగు చారలతో గట్టు మీద ముడుచుకుని కూర్చుంటుంది, పక్కన నిలబడినా కనిపించదు. అదే వానాకాలంలో గూడు కట్టే వేళకు వీపంతా ముదురు మెరూన్ రంగుకు తిరుగుతుంది, తలవెనక సన్నని ఈకలు వేలాడతాయి. ఆగస్టులో ఒక చోట చూశాను, జనవరిలో ఇంకొక చోట చూశాను, ఇదొకటి అదొకటి అనుకున్నాను. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ కూడా అంతే. వానల్లో దాని తలా మెడా నారింజ రంగు పూసుకుంటాయి, చలికాలానికి మళ్లీ సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోతుంది. ఒకే గట్టు మీద నాలుగు కాలాలూ నిలబడితే తప్ప ఈ వేషాలు పట్టుబడవు.

ఇక మనుషుల సంగతి. పద్నాలుగు మంది వద్దు, నీతో కలిపి ఐదుగురు చాలు. ఒక కారులో పడతారు, ఒకరి మాట ఒకరికి గుసగుసగా చెబితే వినిపిస్తుంది. ఐదుగురిలో ఒకరు మాటకారి ఉంటారు. వాళ్ల చేతికి నోటు పుస్తకం ఇచ్చి రాసే పని అప్పగించు, నోరు అదే మూతపడుతుంది. తెల్ల చొక్కాలు, ఎర్ర దుపట్టాలు ఇంట్లో వదిలి రమ్మను. చెరువుగట్టు మీద తెల్లచొక్కా మైలు దూరానికి తెలుస్తుంది. మట్టి రంగో ఆకు రంగో వేసుకోండి. వానల్లో చెప్పులతో గట్లెక్కొద్దు, బూట్లు వేసుకోండి. పాములకు ఆ గట్లే దిక్కు.

పిట్ట ఎక్కడుందో ఒకరికొకరు చెప్పుకోవడానికి గడియారం పద్ధతి మంచిది. చెట్టు కొమ్మల్ని గడియారంలా ఊహించుకుని, ‘రెండు గంటల దగ్గర, రెండో కొమ్మ’ అంటే అందరి కళ్లూ అక్కడికే వెళ్తాయి. ‘అదిగో, అక్కడ, ఆకుల పక్కన’ అంటే చెట్టంతా ఆకులే కదా. ముందు ఉత్త కంటితో చూడాలి. కన్ను పిట్ట మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్‌ను కంటి దగ్గరకు తెచ్చుకోవాలి. కొత్తవాళ్లు అద్దాలు ముందు పెట్టుకుని ఆకాశమంతా వెతుకుతారు, వాళ్లకు మబ్బులు బాగా కనిపిస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం నీకు చనువు ఇవ్వను. గూళ్లు ఉన్న చోట చప్పట్లు కొట్టడం, రాయి విసరడం, ఫోనులో పిట్ట కూత పెట్టి పిలవడం, ఈ మూడూ పనికిరావు. ఎందుకో విను. ఇరవై ఏళ్ల కిందటి మాట, ఏ చెరువో చెప్పను. నాతో వచ్చిన ఒకాయన, కొంగలన్నీ ఒక్కసారి ఎగిరితే ఫోటో బాగుంటుందని గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఎగిరాయి. చూడటానికి బాగానే ఉంది, నేను కూడా ‘ఆహా’ అన్నాను. ఆ నిమిషంలోనే పక్క తాటిచెట్టు మీద నుంచి మూడు కాకులు దిగాయి. ఒకటి గూట్లోకి వంగి, లేత నీలం గుడ్డు ఒకటి ముక్కున పట్టుకుని పోయింది. రెండోది అక్కడే పగలగొట్టుకుని తింది. పెద్ద కొంగలు తిరిగి వచ్చి వాలేసరికి ఎన్ని గూళ్లు ఖాళీ అయ్యాయో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది. ఆయన్ని ఆపగలిగే వయసు నాకు ఉంది, నోరూ ఉంది, అయినా ఆపలేదు. నీ బృందంలో అలాంటివాడు ఉంటే, స్నేహం పోయినా సరే, ముందే చెప్పు.

వానాకాలం నాకు అన్నిటికంటే ఇష్టం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. కాలువలకు నీళ్లు వదిలి తెనాలి వైపు దమ్ము మొదలైన రోజుల్లో రా. ట్రాక్టరు బురద తిరగేస్తుంటే వెనకాలే కొంగలు కూలీల్లా వరుసగా నడుస్తుంటాయి. పైకి తేలిన పురుగు, కప్ప, ఏది దొరికితే అది. ట్రాక్టరు మలుపు తిరిగితే అవీ మలుపు తిరుగుతాయి. గేదె వీపు మీద పసులపోలిగాడు కూర్చుని ఉంటాడు, నల్లగా, చీలిన తోకతో. గేదె అడుగు వేసినప్పుడు గడ్డిలోంచి లేచే పురుగు వాడిది.

ఆ రోజుల్లోనే ఏ బావి మీదకో వంగిన తుమ్మచెట్టునో, ఈతచెట్టునో వెతుక్కుని దాని ఎదురుగా గంట సేపు కూర్చోండి. గిజిగాడు గూడు కట్టడం చూడాలి. మగపిట్ట తల పసుపుగా మెరుస్తుంటుంది. వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఎగురుతూ లాగితే సన్నని నార చీలి వస్తుంది. ఆ నారను కొమ్మకు చుట్టి ముడి వేసి, ముందు ఒక కడియంలా అల్లుతాడు, దానికి బుర్రలాంటి గది అల్లుతాడు. గూడు సగమై టోపీలా వేలాడుతున్నప్పుడు ఆడపిట్ట వస్తుంది. ఇతను రెక్కలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడి ఒకటే గోల. ఆమె లోపలికి వెళ్లి, ముక్కుతో అటూ ఇటూ లాగి చూస్తుంది. నచ్చితే మిగతాది పూర్తి చేయిస్తుంది, కిందకు గొట్టం దిగుతుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది, ఆ టోపీ అలాగే మిగిలిపోతుంది. కిందకు చూస్తే సగం గూళ్లు రాలి పడి ఉంటాయి. నచ్చిన గూట్లో ఆమె గుడ్లు పెట్టాక ఈ పెద్దమనిషి పక్క కొమ్మకు ఇంకొక గూడు మొదలుపెడతాడు, ఇంకొక ఆడపిట్ట కోసం. మీ మావయ్య ఇది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చాతక పక్షి కూడా అప్పుడే కనిపిస్తుంది. నలుపూ తెలుపూ, నెత్తిన జుట్టు. వానచినుకు తప్ప తాగదని కవులు చెప్పారు. నేను చూసినప్పుడల్లా అది గొంగళి పురుగుల్ని తింటూ కనిపించింది, వెంట్రుకలున్నవాటినే, తృప్తిగా. గుడ్లు మాత్రం పరాయి పిట్టల గూట్లో పెడుతుంది, కోకిలకు బంధువే కదా.

దసరా అంటే పాలపిట్ట. జమ్మి పూజ రోజు దాన్ని చూస్తే శుభమని మన పెద్దలు పొలాల వెంట వెళ్లేవారు. మీ నాన్నా నేనూ పోటీ పడి వెతికేవాళ్లం. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిముద్దలా ఉంటుంది, ఎగిరిందంటే రెక్కల్లో రెండు నీలాలు విచ్చుకుంటాయి. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాడు ఎదురైతే రూపాయి ఇవ్వకు, అది చట్టప్రకారం నేరం. ఈ రోజుల్లోనే చలికాలపు చుట్టాలు దిగడం మొదలవుతుంది. తీగల మీద వానకోయిలలు బారులు తీరతాయి, తడి నేల మీద కాటుకపిట్ట తోక ఆడిస్తూ పరుగెడుతుంది. వచ్చిన తేదీ రాసుకో. వచ్చే ఏడాది అదే వారంలో మళ్లీ చూడటంలో ఉన్న సరదా కొత్త పిట్టను చూడటంలో లేదు.

సంక్రాంతికి ఉప్పలపాడు చెరువు మధ్య చెట్ల మీద చోటు ఉండదు. గూడబాతులు (మీరు పెలికాన్లంటారే, అవే), ఎర్రకాళ్ల కొంగలు, గుల్లకొంగలు, కంకణాలు, నీటికాకులు. గుల్లకొంగ ముక్కును జాగ్రత్తగా చూడు, మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను గుల్లలోంచి లాగి తినడమే దాని వృత్తి. పిల్ల గుల్లకొంగకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు. లెక్కపెట్టడం అక్కడే నేర్చుకోండి. ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసి, అలాంటి మేరలు ఎన్ని ఉన్నాయో లెక్కకట్టాలి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది, చేతులు అలవాటైతే మీరూ చేరవచ్చు.

కొల్లేరు మోజు తీరకపోతే ఆ నెలలోనే వెళ్లండి. విజయవాడలో రైలెక్కి గుడివాడ మీదుగా కైకలూరులో దిగితే, కొల్లేరు పిట్టలు చేరే ఆటపాక రెండు మూడు కిలోమీటర్లే. గూడబాతుల కోసం నీళ్లలో ఇనుప మంచెలు కట్టారు, చెట్లు లేని చోట అవే చెట్లు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు కూలగొట్టారు. సరస్సెంత, చెరువులెన్ని అన్న గొడవ మాత్రం తెగలేదు. పడవ నడిపేవాళ్లతో ఆ మాట ఎత్తకు, పిట్టల్ని చూడటం మరిచిపోయి నువ్వూ వాదనలో కూర్చుంటావు.

ఎండాకాలం చాలామంది ఇంట్లో కూర్చుంటారు. నువ్వు ఐదున్నరకు గట్టు మీద ఉండి, ఏడున్నరకు ఇంటిదారి పట్టు. కాలువలు కట్టేశాక విజయవాడలోనే కాలువ అడుగున మిగిలిన గుంటల దగ్గర నిలబడితే చాలు, చేపలన్నీ అక్కడే, గుడ్డికొంగలూ లకుముకి పిట్టలూ అక్కడే. మన మిరపకాయల కాలం చివరి రోజులు కూడా అవి. కల్లం పక్కన వేపచెట్టు ఉంటే దాని కింద ఆగు. ఒకసారి ఒక రామచిలుక ఎండు మిరపకాయను కాలితో చెయ్యిలా పట్టుకుని, కొసన చీల్చి, గింజలు ఒక్కొక్కటే తీసుకు తింటుంటే అరగంట చూశాను. ఆ ఘాటుకు నాకే కళ్లలో నీళ్లు, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మిరప ఘాటును పట్టే నరాల ఏర్పాటు మనకూ ఎలుకకూ పనిచేస్తుంది, పక్షికి పనిచేయదు. 2018 నుంచి మన రాష్ట్రపక్షి కూడా ఆ చిలుకే, గుంటూరుకు తగినదే దొరికింది.

డాబా మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టు, లోతు రెండు అంగుళాలు మించకూడదు, రోజూ మార్చు.

తిండి గురించి అడిగావు. పులిహోర తెచ్చుకోండి, ఆకుల్లో కట్టించుకోండి. పెరుగన్నం తెస్తే ఎనిమిది లోపే తినేయాలి. గట్టు మీద ఒక్క ప్లాస్టిక్ సంచి మిగిలినా నాకు తెలుస్తుంది, ఉప్పలపాడు వాళ్లతో నాకు మాటలున్నాయి.

బైనాక్యులర్ కొనేదాకా నా పాతది వాడుకో. బీరువా పై అరలో ఉంది. కుడి కన్ను దగ్గరి చక్రం బిగుసుకుపోయింది, నా చూపుకు సరిపోయేలా అక్కడే ఆగిపోయింది. నీకు మసకగా కనిపిస్తే ఎడమ కన్నుతోనే చూడు. శనివారం రాత్రికే గుంటూరు వచ్చెయ్, నాలుగున్నరకు లేపుతాను. మీ నాన్నను కూడా తీసుకురా, కాకికీ కోకిలకూ తేడా ఇంకా గుర్తుందో లేదో చూద్దాం.

మీ అత్తయ్య