కారు ఇంజిన్ బాగుకు రెండు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం, నెలకు 62,000 చేతికొస్తుంది. రెండేళ్ల కిందట 2017 మోడల్ టర్బో పెట్రోల్ సెడాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లోన్ ఇంకా 2.6 లక్షలు ఉంది, ఈఎంఐ 9,800. కారు 82,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగు నెలలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్‌లో గలగలమని శబ్దం వస్తోంది, కాసేపటికి ఆగిపోతోంది. డబ్బు సర్దుబాటు కాక వాయిదా వేశాను. సర్వీసు చేయించి కూడా 17 నెలలైంది. మొన్న చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఆటోనగర్‌లో చూపిస్తే టైమింగ్ చైన్ సాగిందని, కిట్టు మొత్తం మార్చడానికి 1,12,000 అవుతుందని చెప్పారు. ఖాతాలో 14,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లో 68,000 ఉన్నాయి. సిప్ డబ్బు పాప చదువు కోసం. ఇంట్లో కొద్దిగా బంగారం ఉంది. లక్ష రూపాయల చీటీకి నాలుగు వాయిదాలు కట్టాను. నెల ఖర్చుల పట్టిక జతచేశాను. ఒక యాప్‌లో 1.2 లక్షల లోన్ అప్రూవ్ అయింది, నెలకు 2 శాతమే. తీసుకోమంటారా? ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ రాదా?

జవాబు: యాప్ లోన్ తీసుకోవద్దు. ఇంకా డబ్బు తీసుకోలేదు కాబట్టి ఈ ఒక్క మాట కోసమే మీ ఉత్తరాన్ని ముందుకు తెచ్చి జవాబు రాస్తున్నాను. మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి కారు, ఒకరికి బోరు మోటారు, ఇంకొకరికి అమ్మగారి కంటి ఆపరేషన్. ఖర్చు ఏదైనా కథ ఒక్కటే. నెలనెలా ఈఎంఐ కడతారు, సిప్ కడతారు, చీటీ కడతారు. అడిగిన రోజు తీసుకోవడానికి మాత్రం చేతిలో రూపాయి ఉండదు.

ముందు కారు సంగతి. ఇంజిన్‌లో పిస్టన్లను నడిపే క్రాంక్ షాఫ్ట్‌నూ, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌నూ పొంతన తప్పకుండా కలిపి తిప్పేదే టైమింగ్ చైన్. అది సాగింది అంటే ఇనుము రబ్బరులా సాగిందని కాదు. చైన్‌లో ప్రతి లింకు దగ్గరా ఉండే పిన్నూ బుష్షూ కొంచెం కొంచెంగా అరుగుతాయి. ఆ అరుగుదల అంతా కలిసి చైన్ పొడవు పెరుగుతుంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. మీలాంటి ఇంజిన్లలో అది ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో పొద్దున మొదటి కొన్ని సెకన్లు ప్రెషర్ అందదు. అప్పుడు వదులైన చైన్ ప్లాస్టిక్ గైడ్లకు కొట్టుకుంటుంది. మీకు నాలుగు నెలలుగా వినిపిస్తున్న గలగల అదే. ఇంకా వదులైతే చైన్ పళ్లు దాటొచ్చు, అప్పుడు వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది. ఇప్పుడు 1,12,000 అంటున్న పని, హెడ్డు విప్పి వాల్వులు మార్చాల్సి వస్తే అక్కడ ఆగదు. కాబట్టి ఈ రోజు నుంచి కారు స్టార్ట్ చేయొద్దు. షెడ్డుకు కూడా నడుపుకుంటూ కాదు, టోయింగ్ మీదే పంపండి.

ఇదే పని చేసే బెల్టుకైతే గడువుంటుంది, చైన్ అయితే ఇంజిన్ ఉన్నంత కాలం పనిచేస్తుంది అని మీకు కారు అమ్మినవాళ్లు చెప్పే ఉంటారు. ఆ మాట నమ్మి ఎందరో మోసపోయారు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్ చైన్ సమస్య ప్రపంచమంతా తెలిసిందే. అందులో చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి దాన్ని మార్చే పని ఇంకా పెద్దది. ఫోక్స్‌వ్యాగన్ తన చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో పాత తరానికి చైన్ వాడి, ఆ తర్వాత వచ్చిన ఈఏ211 తరంలో బెల్టుకు మారింది. అలాగని ప్రతి చైనూ చెడ్డది కాదు. చైన్ ఆయువు మాత్రం ఆయిల్ మీద ఉంటుంది. నల్లబడిన ఆయిల్‌లో మసి, మురికి పిన్నులను అరగదీస్తాయి. ఆయిల్ తగ్గినా, గ్రేడు తప్పినా టెన్షనర్‌కు బలం చాలదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు పక్కనే రాసి వదిలేసిన మాట దగ్గరికి వస్తాను. సర్వీసు చేయించి 17 నెలలైంది. ఎందుకు ఆగింది? ఆ నెల ఆరేడు వేలు మిగల్లేదు. శబ్దం మొదలైనప్పుడు ఎందుకు చూపించలేదు? అప్పుడూ డబ్బు లేదు. దయచేసి ఈ రెండూ కలిపి చూడండి. మీకు అత్యవసర నిధి లేకపోవడం మొన్న లైటు వెలిగిన రోజు బయటపడిన లోటు కాదు. ఆరేడు వేలతో పోయేదాన్ని 17 నెలల్లో లక్షా పన్నెండు వేలదాకా పెంచి ఉండొచ్చు ఆ లోటు. ఆయిల్ సమయానికి మార్చి ఉంటే చైన్ తప్పకుండా నిలిచేదని నేను చెప్పలేను, పాత యజమాని ఎలా నడిపాడో మనకు తెలియదు. కానీ నాలుగు నెలల కిందటే చూపించి ఉంటే ఇవాళ ఈ తొందరలో, చేతికి అందిన మొదటి అప్పు పట్టుకోవాలనే స్థితిలో మీరు ఉండేవారు కాదు. అత్యవసర నిధి అంటే ఉద్యోగం పోయినప్పుడు, ఆసుపత్రి పాలైనప్పుడు మాత్రమే అనుకుంటారు. చిన్న ఖర్చును చిన్నగా ఉన్నప్పుడే తీర్చేయడానికి కూడా అదే కావాలి. ఏళ్ల తరబడి ఈ మాట చెబుతూనే ఉన్నాను, ఇంకా చెబుతాను.

ఇక ఆ ‘నెలకు 2 శాతమే’. మన ఊళ్లో దీన్ని రెండు రూపాయల వడ్డీ అంటారు. ఊళ్లో వడ్డీ వ్యాపారి రెండు రూపాయల వడ్డీ అంటే ఇంట్లో అందరినీ అడిగి, నాలుగు రోజులు ఆలోచించి వెళ్తాం. ఫోన్‌లో కనిపించేసరికి అది తక్కువ ఎలా అయింది? 1,20,000కి రెండేళ్ల గడువు, ఏడాదికి 24 శాతం అనుకుందాం. నెలకు దాదాపు 6,345 కట్టాలి. మొత్తం 1,52,000 దాటుతుంది, వడ్డీయే 32,000కు పైగా. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దానిమీద జీఎస్టీ ముందే కోసుకుంటే చేతికొచ్చేది 1,15,752. ఆ కోత కూడా లెక్కేస్తే అసలు రేటు 28 శాతానికి దగ్గర పడుతుంది. ఈ అసలు రేటును, అప్పు వివరాలన్నీ ఒకచోట ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూపించి తీరాలని రిజర్వ్ బ్యాంక్ 2024 అక్టోబరు నుంచి అన్ని రిటైల్ రుణాలకూ తప్పనిసరి చేసింది. మీరు ఆ కాగితం తెరిచి చూశారా? పైగా మీ పట్టికలో సిప్, చీటీ కూడా పోగా నెలకు మిగిలేది 2,700. అందులోంచి 6,345 ఎలా కడతారు? మూడో నెలకే ఇంకో యాప్ తలుపు తడతారు. అలా ఐదు యాప్‌ల దాకా వెళ్లిన కుటుంబాలను నేను చూశాను. ఒక్కరు కూడా మొదటి అప్పును పెద్ద అప్పు అనుకోలేదు. క్రెడిట్ కార్డు మీద కట్టి మినిమం డ్యూ చెల్లించుకుంటూ పోవడం ఇంతకన్నా చెడ్డది, దాని గురించి ఎక్కువ రాయను.

ఇన్సూరెన్స్ విషయానికి వస్తే క్లెయిమ్ రాదు. అరుగుదల, యాంత్రిక లోపాలు ఫుల్ కవర్‌లోకి రావు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ప్రధానంగా నీళ్లు లోపలికి పోవడం, ఆయిల్ లీకు లాంటివాటికి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూసిన విజయవాడలో అది తీసుకోవడం మంచిదే, కానీ చైన్‌కు అక్కరకు రాదు.

మరి డబ్బు ఎక్కడిది? సిప్‌లోని 68,000 తీసేయండి. పాప చదువు కోసం అని మీరు వెనకాడుతున్నారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ అటు ఎంతొస్తుందో తెలియని రాబడి కోసం ఇటు 28 శాతం కట్టడం పాప చదువుకు చేసే మేలు కాదు. మిగతా 44,000కి మీ ఆవిడను అడిగి, ఆవిడ ఒప్పుకుంటే బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టండి. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో కాదు, మీ జీతం పడే బ్యాంకులోనే అడగండి. సిప్ ఆపితే 4,000, మిగులు 2,700, కలిపి నెలకు 6,700 కడితే ఏడు నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. తొమ్మిది పది శాతం వడ్డీ అనుకున్నా మొత్తం 1,500 చుట్టుపక్కలే అవుతుంది. ఖాతాలో ఉన్న 14,000 మాత్రం ముట్టుకోవద్దు. అదే మీ అత్యవసర నిధికి విత్తనం.

చీటీ ఇప్పుడే పాడితే బాగా నష్టపోతారు, వద్దు. ఉన్నది ఉన్నట్టుగా కారు అమ్మేద్దామంటే హైపోథికేషన్ ఉంది, అంటే లోన్ తీరేదాకా కారు లోన్ ఇచ్చినవాళ్ల తాకట్టులోనే ఉంటుంది, అమ్మినా లోన్ పూర్తిగా తీరకపోవచ్చు. శబ్దం దాచి ఎవరి నెత్తినైనా రుద్దడం గురించి మాత్రం ఆలోచించనే వద్దు. బాగు చేయకుండా వదిలేస్తే కదలని కారుకు నెలకు 9,800 కడుతూ కూర్చుంటారు.

షెడ్డులో పని మొదలుపెట్టే ముందు ఇంకో మెకానిక్‌తో స్కానర్ పెట్టించి చూడండి. క్రాంక్, క్యామ్ పొంతన తప్పినట్టు పీ0016 లాంటి కోడ్ వస్తే చైన్ మీద అనుమానం బలపడుతుంది. అయినా సెన్సర్, వైరింగ్ కూడా చూడమనండి. ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. చైన్, టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు అన్నీ ఒకేసారి మార్చాలి. డబ్బు కలిసొస్తుందని టెన్షనర్ ఒక్కటే మారిస్తే లేబర్ రెండుసార్లు కట్టుకుంటారు. పాత చైన్ మీకు ఇవ్వమనండి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది.

బంగారం విడిపించిన మరుసటి నెల సిప్ మళ్లీ మొదలుపెట్టాలని మీకు అనిపిస్తుంది. ఆగండి. ఇంటద్దె, ఈఎంఐ, ఫీజులు, తిండి, అమ్మానాన్నలకు పంపేది కలిపి మీకు నెలకు 51,300 కావాలి. ఆ 6,700నే ఆరు నెలలు దాచితే, ఉన్న 14,000తో కలిపి ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. చీటీ డబ్బు వచ్చినప్పుడు ముట్టుకోకుండా దానికే కలపండి, అప్పుడు మూడు నెలల ఖర్చుకు దగ్గరవుతారు. సిప్ అప్పుడు మొదలుపెట్టండి. పాత కారు ఉన్నంతకాలం నెలకు 2,500 దాని పేరుతో వేరే ఉండాలి, ఆయిల్‌కూ టైర్లకూ బ్యాటరీకీ.

యాప్ వాళ్లు ఈ వారం మీకు ఫోన్లు చేస్తూనే ఉంటారు, ఆఫర్ ఇవాళే ఆఖరని చెబుతారు. అవసరం లేదని చెప్పి పెట్టేయండి. ఒకవేళ నా జవాబు మీకు అందేలోపే డబ్బు ఖాతాలో పడి ఉంటే, ఒప్పందంలో కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఎన్నాళ్లో ఈ రాత్రే చూడండి. ఆ గడువులోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే ముందే తీర్చినందుకు పెనాల్టీ వేయకూడదు.