పేరు ఒకటే, పారిపోయేవాళ్లు వేరు

ప్రశ్న: అపార్ట్‌మెంట్ వేడుకలో పాడదామని ‘రనవే’ కరోకే వెతికితే అదే పేరుతో బోలెడు పాటలు వచ్చాయి. నాకు కావలసింది పాతది, డెల్ షానన్‌ది. దానికి నా గిటార్ శ్రుతి కలవడం లేదెందుకు?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ‘రనవే’ అంటే పారిపోయిన మనిషి. షానన్ పాటలో (1961) వెళ్లిపోయింది ప్రియురాలు. బాన్ జోవి పాటలో ఇల్లు వదిలింది ఒక అమ్మాయి. కాన్యే వెస్ట్ (2010) దాన్ని తిరగేసి, నా దగ్గర్నుంచే పారిపొమ్మంటాడు. అరోరా (2015) మాత్రం ఇంటికి తీసుకెళ్లమంటుంది. అందుకే వెతికేటప్పుడు గాయకుడి పేరు కూడా కొట్టండి.

ఇక శ్రుతి. షానన్ టేపును వేగం పెంచి విడుదల చేశారు. దాంతో ఏ మైనర్ పాట సుమారు అర శ్రుతి పైకెక్కి బి ఫ్లాట్ మైనర్‌లో వినిపిస్తుంది. కేపోను (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది మొదటి గడిలో) బిగించి ఏ మైనర్, జి, ఎఫ్, ఈ వరసగా వాయించండి. పల్లవిలో ఏ మేజర్‌కు మారాలి. చాలామంది మైనర్‌లోనే ఉండిపోయి తడబడేది అక్కడే. పై స్థాయిలో ఫాల్సెటో (మామూలు గొంతు దాటి పలికే సన్నని గొంతు) అందకపోతే కేపో తీసేసి, ట్రాక్‌నూ అర శ్రుతి దించండి. అన్నట్టు, మధ్యలో కీచుమనే వాయిద్యం కోసం గిటార్‌ను హింసించకండి. అది మ్యూజిట్రాన్, షానన్ బృందంలోని మాక్స్ క్రూక్ సొంతంగా తయారుచేసుకున్న కీబోర్డు.