జెముడులన్నీ కాక్టస్‌లేనా?

సందేహం: మా బడి తోటలోని ముళ్ల మొక్కలకు పేరు పలకలు రాయిస్తున్నాం. కాక్టస్‌కు తెలుగు నాగజెముడా, బ్రహ్మజెముడా? ‘సహజ ఆవాసం: ఎడారి’ అని అన్నింటికీ రాయవచ్చా? ‘సహజావాసం’ అని కలిపి రాయాలంటున్నారు, నిజమేనా?
– ఒక ఉపాధ్యాయిని, విశాఖపట్నం

సమాధానం: రెండూ కాదమ్మా. నాగజెముడు ఒక మొక్క పేరు, కాక్టస్ ఒక కుటుంబం పేరు. చెట్టు అనే మాటకు అర్థం మామిడి అని చెబితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

మనవాళ్లు జెముడు అన్నది వేళ్లు, పూలు పరీక్షించి కాదు. ఆకు కంటే కాండం ప్రధానంగా కనిపించే, పశువు నోరు పెట్టని కంచె మొక్కకు ఆ పేరు పెట్టారు. కాడజెముడు, బొంతజెముడు గిల్లి చూడండి, తెల్లటి పాలు కారతాయి. ఇవి యుఫోర్బియా ప్రజాతివి, ఆముదానికి చుట్టాలు. నాగజెముడు మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చిన కాక్టస్. 18వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీవారు ఎర్ర రంగునిచ్చే కోచినీల్ పురుగులను సాకడానికి ఈ ప్రజాతి మొక్కలను మద్రాసులో పనిగట్టుకుని పెంచారు. మన జనం దాని పలక కాండాన్ని చూశారు, పాము పడగ గుర్తుకొచ్చింది, ఉన్న మాటకే ‘నాగ’ చేర్చుకున్నారు. పరాయి మొక్కకు ఇంత చక్కని పేరు పండితులెవరూ కూర్చుని పెట్టలేరు. ఇక బ్రహ్మజెముడును ఒకరు దీనికీ, ఇంకొకరు పాల జెముడుకీ వాడుతున్నారు. కాబట్టి పలక మీద ఆ పేరు వద్దు.

పిల్లలకు తేడా చూపాలంటే ముళ్ల మొదళ్లు చూపండి. కాక్టస్ ముళ్లు నూగుతో నిండిన చిన్న బుడిపె నుంచి గుత్తిగా వస్తాయి. పాల జెముళ్లకు ఆ బుడిపె ఉండదు. కాడజెముడుకైతే అసలు ముళ్లే ఉండవు.

ఆవాసం సంగతికి వస్తే, ‘ఎడారి’ అని అన్నింటికీ ఒకే మాట రాయకండి. అరిజోనా, మెక్సికోలకు చెందిన సొనోరా ఎడారిలో స్తంభంలా నిలిచే సగ్వారోకు అది సరిపోతుంది. నాగజెముడు పుట్టిల్లు మెక్సికో, కరీబియన్ తీరాలు. అది ఇసుక దిబ్బలనూ ఉప్పు గాలినీ ఓర్చుకునే మొక్క, అందుకే భీమిలి దారిలోని ఇసుక నేలలు దానికి కొత్త కాదు. మీ ఊళ్లో చాలా ఇళ్ల వరండాల్లో రాత్రిపూట పూసే ‘బ్రహ్మకమలం’ కూడా కాక్టసే అంటే నమ్ముతారా? అది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగేది. హిమాలయాల అసలు బ్రహ్మకమలంతో దానికి పేరు తప్ప ఏ పొత్తూ లేదు. రిప్సాలిస్ బాక్సిఫెరా అనే ఒక్క జాతి మాత్రం ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా కనిపిస్తుంది. మిగిలినవన్నీ అమెరికా ఖండాలవే.

కనుక పుట్టిన దేశం వేరు, ఆవాసం వేరు. రెండింటికీ వేర్వేరు వరుసలు పెట్టండి: ‘నాగజెముడు. కుటుంబం: కాక్టస్. పుట్టిన చోటు: మెక్సికో, కరీబియన్ ప్రాంతం. ఆవాసం: తీరపు ఇసుక నేలలు, పొడి పొదల భూములు.’ కుటుంబం అనవలసిన చోట ‘జాతి’ అనకండి. పాఠ్యపుస్తకాల్లో కుటుంబం, ప్రజాతి, జాతి అనేవి మూడు వేర్వేరు మెట్లు.

సహజ, ఆవాసం రెండూ సంస్కృత పదాలే. సమాసంలో సవర్ణదీర్ఘసంధి చేసి ‘సహజావాసం’ అనడం వ్యాకరణ సమ్మతం. కానీ పలక చదివేది ఆరో తరగతి పిల్లలు, విడిగానే రాయండి. ‘ఆవాసం’ అని ఒక్క మాటే రాసినా చాలు, ‘సహజ’ లేకపోయినా అర్థానికి లోటు రాదు.

మీరు అడగకపోయినా ఒక మాట: తాడు, తాళ్లు అయినట్టే జెముడు, జెముళ్లు అవుతుంది. ఆ బహువచనంలో ‘ముళ్లు’ వినబడుతోందని ముల్లుతో ముడిపెట్టి వివరించేవారు ఉన్నారు. అది కేవలం ధ్వని పోలిక, పిల్లలకు చెప్పకండి.