తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిన నవల, జూలైలో చేరాల్సిన ఉద్యోగం

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి కంప్యూటర్ సైన్సులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్ నియామకాల్లో ఉద్యోగం వచ్చింది, జూలైలో చేరాలి. తను మాత్రం తెలుగులో ఒక నవల రాస్తున్నానని, ఒక ఏడాది ఇంట్లో ఉండి దాన్ని పూర్తి చేసి సొంతంగా అచ్చు వేసుకుంటానని అంటోంది. తనలాగే రాస్తున్న కొందరితో ఏ రోజు ఎన్ని పదాలు రాసిందీ పంచుకుంటూ ఉంటుంది. ఆ లెక్కలు తన అనుమతితోనే పంపుతున్నాను. 75 వేల రూపాయలు కడితే అంతా తామే చూసుకుంటామని ఒక సంస్థ చెబుతోంది. మేము ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు అభిరుచిని ఒక పక్కన, జీవనోపాధిని మరో పక్కన పెట్టి తూకం వేయడం మామూలు. మీ విషయంలో ఆ అవసరం కనిపించలేదు. ఏడాది ఖాళీ ఉంటే నవల పూర్తవుతుందా అన్న సందేహానికి జవాబు మీరు పంపిన పట్టికలోనే ఉంది.

గత సంవత్సరం మే, జూన్ నెలల్లో మీ అమ్మాయి రాయదుర్గంలో ఇంటర్న్‌షిప్ చేసింది. ఆ 61 రోజుల్లో 47 రోజులు ఏదో ఒకటి రాసింది. పట్టికలో చాలా చోట్ల ‘అమీర్‌పేట లోపల 250, మారాక 150’ అని ఉంది. అంటే మెట్రోలో, ఫోను మీద, అమీర్‌పేటలో రైలు మారడానికి ముందు కొంత, తర్వాత కొంత రాసిందన్నమాట. ఇంటర్న్‌షిప్ ముగిసి కళాశాల తెరిచేలోగా ఇంట్లో పూర్తి తీరికతో గడిపిన మూడు వారాల్లో ఆమె రాసినది నాలుగు రోజులు మాత్రమే. ఆగస్టు నుంచి తొమ్మిదో అధ్యాయం ముందుకు కదలలేదు. మొదటి అధ్యాయాన్ని నాలుగుసార్లు తిరగరాసింది, నవల పేరు రెండుసార్లు మార్చింది, ముఖచిత్రం నమూనాలు మూడు చేసి మిత్రులకు చూపించింది. వీటన్నింటికీ అభినందనలు వచ్చాయి కాబట్టి పని సాగుతున్నట్టే అనిపించి ఉంటుంది. ఇది బద్ధకం అనుకోకండి, కథ నడుమ దారి తప్పినవారందరూ చేసే పనే ఇది. అయితే ఆ చిక్కును విప్పేది సమయం కాదు. ఏడాది తీరిక ఇస్తే మొదటి అధ్యాయం మరో పదిసార్లు మారుతుందేమోనని నా భయం.

కాబట్టి ఉద్యోగంలో చేరమనే చెబుతాను, నవలను మాత్రం ఆపవద్దంటాను. తెలుగులో పేరున్న రచయితల్లో చాలామంది మరో వృత్తిలో ఉంటూ రాసినవారే. రావిశాస్త్రి న్యాయవాది, కాళీపట్నం రామారావు బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు.

ఇక పదాల లెక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నవంబరు నెలలో 50,000 పదాలు పూర్తి చేయాలన్న లక్ష్యం ‘నానోరైమో’ అనే నవలా రచన కార్యక్రమం నుంచి వచ్చింది. 1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మందితో మొదలైన ఆ కార్యక్రమాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడినా, ఆ అంకె మాత్రం రాసేవాళ్ల మనసుల్లో నిలిచిపోయింది. అది ఇంగ్లీషు కోసం పెట్టుకున్న అంకె. ‘వెళ్ళిపోయిందట’ అని మనం ఒక్క మాటలో చెప్పేదానికి ఇంగ్లీషులో నాలుగైదు మాటలు కావాలి. నవలలకు మామూలుగా వాడే డెమీ సైజు పుటకు సుమారు 200 తెలుగు పదాలు పడతాయనుకుంటే, 36,000 పదాలకే 180 పుటల పుస్తకం అవుతుంది. మీ అమ్మాయి ఇప్పటికి 31,000 దాటింది. ఆ 50,000కు ఇంకా చాలా దూరంలో ఉన్నానని ఆమె దిగులు పడుతోంది, నిజానికి ఊరి పొలిమేరలకు వచ్చేసింది.

తన ప్రగతిని తోటివారితో పంచుకోవడం మంచి అలవాటు, దాన్ని మాన్పించకండి. పంచుకునే విషయాన్ని మాత్రం మార్చుకోమనండి. ‘ఈ రోజు 400’ అని కాకుండా ‘ఈ రోజు ఆ పాత్ర ఇల్లు వదిలి వెళ్ళాలని తేల్చుకున్నాను’ అని ఒక వాక్యం రాసుకుంటే, తేల్చుకోలేని రోజులు ఆమెకే స్పష్టంగా కనిపిస్తాయి. ఆ తొమ్మిది అధ్యాయాలనూ మెచ్చుకునే మిత్రులకు కాక, నవలలు విరివిగా చదివే ఇద్దరు పెద్దవాళ్లకు కాగితం మీద అచ్చు తీసి ఇవ్వడం మేలు. మా తరంలో వారపత్రికల సీరియల్ రచయితలకు వచ్చే వారం ప్రతి పంపాల్సిన గడువే నడుమ చిక్కుముళ్లను విప్పేది. ఆ గడువు ఇప్పుడు లేదు కాబట్టి తనకు తానే పెట్టుకోవాలి.

డబ్బు సంగతి. ఒక ఉదాహరణ వేసుకుందాం. 200 రూపాయల ధరతో 500 ప్రతులు, ప్రతికి 80 రూపాయల ఖర్చు అనుకుంటే ముందుగా 40 వేలు పెట్టాలి. దుకాణాలకు 40 శాతం తగ్గింపు ఇస్తే చేతికి వచ్చేది 120, మిగిలేది 40. ప్రతులన్నీ అమ్ముడుపోయి, దుకాణాల నుంచి డబ్బంతా వసూలైతే 20 వేలు, అందులోంచే ముఖచిత్రానికీ ప్రూఫులకూ ఇవ్వాలి. ఇది జీతానికి ప్రత్యామ్నాయం కాదు. అలాగని చేయకూడని పనీ కాదు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి తానే ప్రచురించి, తానే పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన నవలాకారుడు. సొంత ప్రచురణ మన నగరానికి కొత్త కాదు.

ఆ 75 వేల సంస్థకు ఇప్పుడు ఏమీ కట్టవద్దు. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు ఇలాగే డబ్బు కడితే, చివరికి వంద ప్రతులు, ఒక ధ్రువపత్రం, ఒక జ్ఞాపిక చేతికిచ్చారు. పుస్తకం నిండా ఒత్తులు ఎగిరిపోయి ఉన్నాయి. ఫోనులో టైపు చేసేది యూనికోడ్, మన డీటీపీ కేంద్రాల్లో చాలావరకు వాడేది అను ఫాంట్లు, రెండింటిలోనూ అక్షరాలను గుర్తించే పద్ధతి వేరు. ఒకదాని నుంచి మరొకదానికి మార్చినప్పుడు కొన్ని ఒత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి. అందుకే రాతప్రతిని ఎంత జాగ్రత్తగా దిద్దినా, మార్పిడి తర్వాత ప్రూఫును అక్షరం అక్షరం మళ్లీ చూడాల్సిందే. ఆ పని ఎవరు చేస్తారని ఏ సంస్థనైనా ముందు అడగండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం ఎవరైనా డబ్బు అడిగితే, దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుందని, రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చని గుర్తుంచుకోండి. మన దేశంలో నవలపై కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు బదిలీ చేసే ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా భావిస్తుంది, ‘పూర్తి కాపీరైటు కాలానికి’ అని రాసి ఉంటే మాత్రం సంతకం చేయవద్దు.

ఉద్యోగ నియామక పత్రంలో ఇతర వ్యాపకాల గురించి, మేధోసంపత్తి గురించి ఉండే నిబంధనలను మీ అమ్మాయి చేరకముందే చదవాలి. అవసరమైతే ‘ఖాళీ సమయంలో కాల్పనిక సాహిత్యం రాస్తాను’ అని హెచ్ఆర్‌కు మెయిలు పంపి, జవాబును భద్రపరచుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నవల పంక్తి ఒక్కటి కూడా ఉండకూడదు. రెండేళ్ల తర్వాత కూడా మనసు రాత వైపే లాగితే, మాదాపూర్, గచ్చిబౌలి సంస్థల్లో టెక్నికల్ రైటింగ్ (సాఫ్ట్‌వేర్ వాడే విధానాన్ని వివరించి రాయడం), తెలుగు లోకలైజేషన్ (సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మలచడం) పనులు ఉంటాయి. ఇంజనీరింగ్ చదువు, తెలుగు పట్టు రెండూ ఉన్నవారు వాటికి తేలికగా దొరకరు.

మీకొక చిన్న మాట. ‘ఎంతవరకు వచ్చింది?’ అని రోజూ అడగకండి. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లండి. సొంతంగా వేసుకున్న రచయితలు అక్కడి స్టాళ్లలో కూర్చుని ఉంటారు. ఎన్ని ప్రతులు వేశారో, ఎన్ని ఇంట్లో మిగిలాయో మీ అమ్మాయినే అడగనివ్వండి. అంతకుముందు, ఈ ఆదివారమే, ఆ తొమ్మిది అధ్యాయాలను అచ్చు తీయించండి.