తొలి పోటీకి సొంత గుర్రం కావాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్1బి వీసా, ఒక్కదాన్నే. కొన్నేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. ఒక గుర్రాన్ని హాఫ్ లీజుకు, అంటే యజమానితో పంచుకునే అద్దెకు, తీసుకుని వారానికి మూడు రోజులు ఎక్కుతాను. లీజుకు నెలకు 450 డాలర్లు, పాఠాలకు 360 అవుతోంది. అక్టోబర్‌లో మొదటిసారి ఈవెంటింగ్ పోటీలో, బిగినర్ నోవిస్ అనే కొత్తవాళ్ల స్థాయిలో దిగాలని ఉంది. 15,000 డాలర్లకు మంచి గుర్రం ఉంది, కొనుక్కోమని బార్న్‌లో (నేను స్వారీ చేసే గుర్రపుశాలలో) అంటున్నారు. పోటీల్లో తిప్పి రెండేళ్ల తర్వాత ఎక్కువకు అమ్మొచ్చని, ఖర్చులు టాక్స్‌లో చూపించొచ్చని నా స్నేహితురాలు చెబుతోంది. అద్దె, కారు, కరీంనగర్‌లో అమ్మానాన్నలకు పంపే డబ్బు అన్నీ కలిపి నెలకు 5,200 ఖర్చు. అది పోను 2,200 మిగులుతుంది, స్వారీ ఖర్చు అందులోంచే. బ్యాంకులో 31,000 ఉన్నాయి. నాన్నేమో ఆ డబ్బుతో ఇండియాలో ప్లాటు కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పోటీకి వెళ్లండి. గుర్రాన్ని మాత్రం ఇప్పుడు కొనకండి. నాడా దొరికిందని గుర్రం కొన్నవాడి సామెత మనకు ఉండనే ఉంది. మీ చేతిలో నాడా బదులు ఎంట్రీ ఫారం ఉంది, అంతే తేడా.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఈవెంటింగ్‌లో ఒకే గుర్రం, ఒకే రౌతు మూడు పరీక్షలు దాటాలి: మైదానంలో క్రమశిక్షణగా నడిపించే డ్రెసాజ్, పొలాలూ వాగులూ మధ్య కదలని అడ్డంకులు దూకే క్రాస్ కంట్రీ, తగిలితే పడిపోయే కర్రలు దూకే షో జంపింగ్. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా రజతం గెలిచింది ఇందులోనే. బిగినర్ నోవిస్‌లో అడ్డంకి ఎత్తు 80 సెంటీమీటర్లు దాటదు. ఆష్‌బర్న్‌కు పక్కనే లీస్‌బర్గ్‌లో మోర్వెన్ పార్క్ ఉంది కాబట్టి ఈ కోరిక మీకు ఎలా పుట్టిందో అడగక్కర్లేదు.

ఇక లెక్కకు వద్దాం. అందరూ 15,000 దగ్గరే ఆగిపోతారు. నాకు భయం ఆ తర్వాతి నెల గురించి. మీ చుట్టుపక్కల బోర్డింగ్, అంటే గుర్రాన్ని శాలలో ఉంచి మేపే రుసుము, నెలకు 1,150 అనుకుందాం. నాడాలకు ఆరు వారాలకోసారి 180, అంటే నెలకు 130. పాఠాలు ఎలాగూ 360. టీకాలు, పళ్ల డాక్టరు, చిన్నాచితకా వైద్యం 100. గుర్రం చనిపోతే డబ్బొచ్చే బీమా, దానికి జోడించే వైద్య బీమా కలిపి 90. మొత్తం 1,830. మీకు మిగిలే 2,200లో ఇక 370 ఉంటాయి. ఇందులో పోటీ ఖర్చు ఇంకా లేదు, ఒక్క అనుకోని రాత్రి ఖర్చు కూడా లేదు. గుర్రానికి కడుపునొప్పి ముదిరి ఆపరేషన్ దాకా వెళ్తే పది వేల డాలర్ల దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా బిల్లు వస్తుంది. బీమా ఉన్నా ముందు కట్టాల్సింది మీరే కావచ్చు.

ఇప్పుడు మీరు స్వారీకి పెడుతున్నది 810. కొంటే నెలకు 1,020 అదనం, ఏడాదికి 12,240. పదిహేను నెలలు తిరిగేసరికి మరో గుర్రం ధర ఖర్చయిపోతుంది. రెండేళ్లకు "ఎక్కువకు అమ్మడం" అంటే ఎంత ఎక్కువకు అమ్మాలో మీరే చూసుకోండి.

అసలు విషయం మీ వీసా. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ లోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. అద్దె ఇల్లు ఖాళీ చేయొచ్చు, కారును వారంలో అమ్మేయొచ్చు. గుర్రం అలా అమ్ముడుపోదు. కొనేవాళ్లు వచ్చి ఎక్కి చూడాలి, వాళ్ల వెటర్నరీ డాక్టరు పరీక్షించాలి, ఎక్స్‌రేలు తీయించాలి. అదీ చలికాలమైతే ఇంకా నెమ్మది. తొందరలో ఉన్నారని తెలిస్తే ధర ఎలా పడిపోతుందో చెప్పక్కర్లేదు. ఈలోగా బోర్డింగ్ బిల్లు ఆగదు. మీ దగ్గరున్న 31,000 దాదాపు ఆరు నెలల ఇంటి ఖర్చు. గుర్రం కొంటే అది 16,000కు పడిపోతుంది; పాఠాలు మానేసినా గుర్రం ఖర్చుతో కలిపి రెండున్నర నెలలు కూడా రాదు. హాఫ్ లీజు అయితే నెల ముందు చెప్పి తప్పుకోవచ్చు. మీ ఒప్పందంలో అలా రాసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మీ స్నేహితురాలి టాక్స్ సలహా చాలా బార్న్‌లలో వినిపించేదే. అమెరికా ఆదాయపన్ను చట్టంలో 183వ సెక్షన్ సరదాకూ వ్యాపారానికీ తేడా చూస్తుంది. గుర్రాల పెంపకం, శిక్షణ, ప్రదర్శన, పందేల వ్యాపారమైతే ఏడేళ్లలో రెండేళ్లు లాభం చూపినవారి పక్షాన చట్టం కొంత మొగ్గుతుంది. వారానికి నలభై గంటలు వేరే ఉద్యోగం చేస్తూ ఒక్క గుర్రంతో ఆదివారాలు పోటీలకు వెళ్లే మనిషిది సాధారణంగా సరదా కిందికే వస్తుంది. సరదా ఖర్చులకు ఇప్పుడు ఫెడరల్ పన్నులో మినహాయింపు లేదు. గుర్రాన్ని లాభానికి అమ్మితే పన్ను పడుతుంది, నష్టానికి అమ్మితే ఆ నష్టం మాత్రం చూపించుకోలేరు. పైగా కొని, శిక్షణ ఇచ్చి, లాభానికి అమ్మడం వ్యాపారమే అని మీరే ఫారాల్లో రాసిస్తే, హెచ్1బి మీద ఆ పని చేయొచ్చా అన్న ప్రశ్న లేస్తుంది. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ దారిలో అడుగు పెట్టకండి. గెలిచే డబ్బు గురించి బెంగ అక్కర్లేదు, మీ స్థాయిలో సాధారణంగా దక్కేది రిబ్బనే.

పోటీ ఖర్చు మీరు అడగలేదు కానీ చెప్పాల్సిందే, ఎందుకంటే తొలిసారి వెళ్లేవాళ్లు ఎంట్రీ ఫీజు ఒక్కటే చూసుకుంటారు. ఎంట్రీ 265, ట్రైలర్‌లో తీసుకెళ్లడానికి 140, ఆ రోజు కోచ్‌కు 125 వేసుకోండి, 530 అయింది. కానీ క్రాస్ కంట్రీ అడ్డంకులు చాలా బార్న్‌లలో ఉండవు. పోటీకి ముందు కనీసం రెండుసార్లు బయటి మైదానానికి వెళ్లి దూకించాలి. ట్రైలర్, మైదానం ఫీజు, కోచ్ కలిపి ఒక్కోసారి 250. సభ్యత్వ రుసుములు, గుర్రానికి అంటువ్యాధి లేదని చూపే కాగిన్స్ రక్తపరీక్ష, ఛాతీ రక్షణ కోటు (క్రాస్ కంట్రీలో అది తప్పనిసరి) కలిపి 500 పక్కన పెట్టండి. వెరసి 1,530. ఇప్పటి నుంచి నెలకు 300 చొప్పున వేరే ఖాతాలో వేస్తే ఐదారు నెలల్లో చేరిపోతుంది, అత్యవసర నిధిని ముట్టుకోనక్కర్లేదు. కోటు, బూట్లు బార్న్‌లో అడిగితే వాడినవి దొరుకుతాయి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి.

ఈ 1,530 వెళ్లిపోయిన డబ్బు అనుకునే కట్టండి. క్రాస్ కంట్రీలో గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20 పాయింట్ల పెనాల్టీతో సరిపోతుంది, అదే అడ్డంకి దగ్గర మూడోసారి మొరాయిస్తే ఇంటికే. మీరు కింద పడినా అంతే. ఫీజు వెనక్కి రాదు. అందుకే నేనైతే అక్టోబర్‌కు ముందు, ఈవెంటింగ్ అసోసియేషన్ గుర్తింపు లేని చిన్న పోటీ ఒకదానికి పంపేవాణ్ని. ఖర్చు తక్కువ, మీ గుర్రం కొత్తచోట ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇంకా చవకైన మార్గం ఒకటుంది: ఒక పోటీలో అడ్డంకి దగ్గర జడ్జిగా వాలంటీరు చేయండి. రోజంతా ఒకే చోట కూర్చుని ఇతరులు ఎక్కడ తడబడుతున్నారో చూస్తారు. చాలాచోట్ల భోజనం పెడతారు, కొన్నిచోట్ల మైదానం వాడుకునే వోచరూ ఇస్తారు.

లీజు గుర్రంతో పోటీకి వెళ్లాలంటే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. గుర్రం బయటికి వెళ్లొచ్చా, క్రాస్ కంట్రీ దూకొచ్చా, దెబ్బ తగిలితే బిల్లు ఎవరిది అన్న మూడూ కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద వెళ్లకండి.

గుర్రం బీమా కంటే ముందు మీ బీమా సంగతి చూడండి. ఆరోగ్య బీమాలో ఏడాదికి గరిష్ఠంగా మీ చేతి నుంచి ఎంత పడుతుందో కనుక్కోండి. హెచ్ఎస్ఏకు (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతాకు) అర్హత ఉన్న ప్లానైతే 2026లో ఒంటరి వ్యక్తికి పరిమితి 4,400 డాలర్లు. గుర్రం ఎక్కేవాళ్లకు అంతకన్నా పనికొచ్చే ఖాతా లేదు. చెయ్యి విరిగి నెలలపాటు కీబోర్డు ముట్టుకోలేకపోతే జీతంలో ఎంత భాగం వస్తుందో కంపెనీ డిసెబిలిటీ పాలసీ చదవండి. అమ్మానాన్నల కోసం టర్మ్ పాలసీ కొత్తగా తీసుకుంటుంటే, ఇక్కడైనా ఇండియాలోనైనా, దరఖాస్తులో స్వారీ పోటీల సంగతి దాచకండి. ప్రీమియం కొంచెం పెరిగితే పెరగనివ్వండి.

నాన్నగారి ప్లాటు గురించి: ఎన్నారైగా ఇంటి స్థలం కొనొచ్చు, వ్యవసాయ భూమి మాత్రం కొనకూడదు. కానీ అదీ 60 రోజుల్లో చేతికొచ్చే డబ్బు కాదు కాబట్టి ఈ 31,000 దానికీ వద్దు. స్వారీ, పోటీ పొదుపు పోగా నెలకు 1,090 మిగులుతుంది, ప్లాటు కోసం దాచాలంటే అందులోంచి దాచండి. గ్రీన్‌కార్డు చేతికొచ్చి, అప్పటికీ ఈ పిచ్చి తగ్గకపోతే, గుర్రం మాట మళ్లీ రాయండి. గుర్రం పూర్తిగా మీ ఒక్కరికే ఉండే ఫుల్ లీజుతో మొదలుపెట్టి చూద్దాం.