బ్రాంచి సంగతి తరువాత, ముందు పలాస వెళ్లు

ప్రశ్న: మాది ఉద్దానంలో ఒక పల్లె. విజయనగరంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఇప్పుడే పూర్తయింది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లిషులోనే. తోటివాళ్లు చాలామంది విశాఖపట్నంలో పెద్ద కాలేజీల్లో ఇంటర్ చదివి వచ్చారు. లేచి సందేహం అడగాలంటే నాకు బెదురు. గణితం, డ్రాయింగ్ తప్పాను. ఇంట్లో చెప్పలేదు. రోజూ నాన్నకు ఫోను చేసి అంతా బాగుందంటాను. తిత్లీ తుపానుకు తోటలు పోయినప్పుడు అక్క ఇంటర్ మధ్యలో ఆపేసి పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనికి చేరింది. నా హాస్టల్ ఖర్చు తనే పంపుతుంది. పోయిన దసరా తరువాత ఇక్కడి పైడితల్లమ్మ జాతరకు, సిరిమానోత్సవానికి, వచ్చినప్పుడు నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చింది. తన చేతులు నల్లగా ఉంటాయి. గదిలో అమ్మాయిలు ఏమనుకుంటారో అని ‘మా ఊరి ఆవిడ’ అన్నాను. అప్పటి నుంచి డబ్బు పంపుతుంది కానీ సరిగా మాట్లాడదు. నాకు ఉద్యోగం వచ్చాకే అక్క పెళ్లి అని అమ్మ అంటుంది. నేను బ్రాంచి మార్చుకోవాలా, లేక ఇది మానేసి శ్రీకాకుళంలో డిగ్రీలో చేరాలా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: బ్రాంచి మార్చుకోవద్దు. చదువు మానవద్దు. నువ్వు తప్పిన గణితం, డ్రాయింగ్ మొదటి ఏడాదిలో అన్ని బ్రాంచిలవాళ్లూ చదివేవే. ఎక్కడికి మారినా ఆ రెండూ నీ వెంట వస్తాయి. ఇంజనీరింగ్‌లో మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి ముఖ్యంగా చూసేది హాజరు. 75 శాతం ఉండాలి, అనారోగ్యం వంటి కారణం చూపితే 65 దాకా సడలిస్తారు. తప్పిన సబ్జెక్టులు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. 70 మార్కుల పరీక్షలో పాతిక, ఇంటర్నల్స్‌తో కలిపి నూటికి 40 వస్తే గట్టెక్కినట్టే. ఇదంతా నీ సీనియర్లలో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఇంగ్లిషు బెదురు కూడా అలాంటిదే. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి మొదటి ఏడాది నోరు విప్పని పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, రెండో ఏడాదికి వాళ్లలో సగం మందిని ఆపలేం.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మూడు మాటలు. ‘మా ఊరి ఆవిడ.’

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా కాలు మోపే చోటుండదు. పైడితల్లమ్మ దర్శనం అయిన తరువాత నీ అక్క తిన్నగా రైలెక్కి వెళ్లిపోవచ్చు. ఆ జనంలోంచి బయటపడి, దారి అడుగుతూ, నీ హాస్టల్ వెతుక్కుంటూ వచ్చింది. చెల్లెలు ఇంజనీరింగ్ చదివే చోటు ఒకసారి కళ్లారా చూసుకోవాలనిపించి ఉంటుంది. అలా వచ్చిన మనిషికి నువ్వు వరస మార్చేశావు.

ఆ చేతుల సంగతి నువ్వే రాశావు కాబట్టి అడుగుతున్నాను, అవి ఎందుకు నల్లబడ్డాయో ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశావా? జీడి పిక్క పెంకులో ఉండే రసం చర్మం మీద పడితే కాలుతుంది. ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి దిగి మరక కడుతుంది. సబ్బుకు పోదు. పండగ అని ఆ పూట ఎంత తోముకున్నా పోదు. పైగా పప్పు విరగకుండా తీయాలి. గుండు పప్పుకు ఉన్న ధర బద్దకు ఉండదు. ఆ పని చేసే మనిషికి ఒళ్లంతా కళ్లై ఉండాలి. ఇంటర్ చదువుతూ పుస్తకం మూసేసిన పిల్ల ఆ నేర్పు సంపాదించింది. నీ గదిలో ఉన్న అమ్మాయిల్లో ఎవరికైనా అలాంటి చేతిపని వచ్చా?

తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. అప్పుడు నువ్వు హైస్కూలు పిల్లవు. ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, జీడితోటా అంతే. ఆ ఏళ్లలో ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరే చదవగలరని తేలినప్పుడు, ఆ ఒకరు నువ్వయ్యావు. పెద్దది కాబట్టి అది తప్పుకుంది. మన ఇళ్లలో ఇలాంటివి ఎవరూ కాగితం మీద రాసుకోరు, చర్చించరు కూడా. అందుకే తరువాత ఎవరూ దాని గురించి మాట్లాడరు. నువ్వూ మాట్లాడలేదు. మాట్లాడకపోగా పదిమందిలో కాదన్నావు.

కొత్త చోట, కొత్త ముఖాల మధ్య, నీ వయసు పిల్ల బెదిరి అన్న మాట అని నాకు తెలుసు. కానీ సిగ్గుపడవలసింది దేనికో అక్కడ నీకు తారుమారైంది. ఆ రోజు నుంచి అక్క పంపిన డబ్బుతో మెస్ బిల్లు కట్టిన ప్రతిసారీ నీకు గుచ్చుకుంటూనే ఉంది, లేకపోతే ఈ ఉత్తరంలో ఆ ముక్క రాసేదానివి కాదు. పుస్తకం ముందు మనసు నిలవకపోవడానికి గణితం ఒక్కటే కారణం అనుకోను. నాన్నకు రోజూ చెప్పే అబద్ధం, అక్కతో ఆగిపోయిన మాట, ఈ రెండూ నెత్తిన పెట్టుకుని డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చుంటే గీత తిన్నగా వస్తుందా?

ఇక మీ అమ్మగారి మాట. నీకు ఉద్యోగం వచ్చాకే అక్క పెళ్లి అనడం నాకు బొత్తిగా నచ్చలేదు. నీ నాలుగేళ్ల చదువుకు పెద్దపిల్ల పెళ్లిని ముడివేస్తే, నీకు ఒక్క సబ్జెక్టు తప్పినా అది ఆమె వయసు మీదికి పోతుంది. ఏ పిల్లా ఆ భయంతో చదవలేదు. ఆ మాట నువ్వే అమ్మతో అనాలి. ‘అక్కకు ఇష్టమైతే సంబంధాలు ఇప్పుడే చూడండి, నా చదువు దారి నాది’ అని చెప్పు. కోపం వస్తే రానీ. అమ్మ కోపం పూట దాటదు.

అక్కకు ఫోను చేయవద్దు. ఫోనులో క్షమాపణ అడగడం సుఖం. అక్కడ ఆమె ముఖం కనబడదు. ఈ సెలవుల్లో రైలెక్కి పలాసలో దిగు. ఇంటికి పోయి నలుగురిలో కాకుండా, ఆమె పని ముగించి వచ్చే వేళకు పరిశ్రమ గేటు దగ్గర నిలబడు. తోటి పనివాళ్లు ఎవరమ్మా నువ్వు అంటే, ‘ఫలానా ఆమె చెల్లెల్ని’ అని నీ నోటితో చెప్పు. తరువాత అక్కతో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పు. ‘నువ్వు తప్పుగా అనుకున్నావు’, ‘నా ఉద్దేశం అది కాదు’ లాంటి మాటలు మాత్రం తీయవద్దు. నీ ఉద్దేశం అదే, అందుకే ఆమె నొచ్చుకుంది. రెండు సబ్జెక్టులు పోయిన సంగతి కూడా అక్కడే చెప్పెయ్యి. ఆ చదువుకు డబ్బు పెడుతున్న మనిషికి అది ముందు తెలియాలి. నాన్నకు ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆమే చూసుకుంటుంది, పెద్దవాళ్లకు ఆ తెలివి ఉంటుంది.

‘నాకు ఉద్యోగం వచ్చాక నీ రుణం తీర్చుకుంటాను’ అని మాత్రం అనకు. అది కూలి లెక్క అవుతుంది. ఆమె ఆపేసిన ఇంటర్ గురించి అడుగు. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా ఇప్పుడైనా పూర్తి చేయవచ్చు, ఆమెకు మనసుంటేనే. వద్దంటే రెండోసారి అడగకు. నీ మనసు తేలిక కావడానికి ఆమె చేత పరీక్షలు రాయించనక్కరలేదు.

తిడితే తిట్టించుకో. మాట్లాడకపోతే రెండు రోజులు ఉండి రా. కాలేజీ తెరిచాక గదిలో అమ్మాయిలకు ఆ రోజు వచ్చింది మా సొంత అక్క అని నువ్వే చెప్పాలి. వాళ్లు నవ్వితే ఆ స్నేహం ఎంతటిదో తెలుస్తుంది. బయలుదేరే ముందు సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ నోటీసు బోర్డులో చూసుకుని కట్టేసి వెళ్లు.